నేర్పిన మరుపు

"నీ కొడుకు పేరేంది?"

"సిద్ధు."

నాగవ్వ చేతిలోని చాయ్ గిలాసను గూట్లో ఠక్కున పెట్టింది. నెల రోజులుగా ప్రతి పొద్దునా నేర్పుతున్న పాఠం. తీరా పరీక్ష నాడు మొదటి ప్రశ్నకే మొగుడు నిజం చెప్పి కూర్చున్నాడు.

"సిద్ధు గాదు. తెల్వదు సార్ అనాలె. ఏమడిగినా గదే అనాలె. మల్ల అడుగుతున్న, జర మనసు పెట్టి ఇను. నీ కొడుకు పేరేంది?"

రాయమల్లు మంచం మీద కాళ్ళు కిందికి వేసుకుని కూర్చున్నాడు. భార్య మొహంలోకి చూసి, ఆమె పెదవుల కదలిక చూసి, "తెల్వదు సార్," అన్నాడు.

"గిప్పుడు సక్కగున్నది. నువ్వేం పని జేస్తవ్?"

"సర్దార్ పని."

నాగవ్వ నెత్తి కొట్టుకుంది. వంటింటి గడపలో టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్న కూతురు రేవతికి ఇక పట్టలేదు.

"సాలియ్యవ్వా. తెలిసింది తెల్వదనాలె, తెల్వంది ఎట్లాగూ తెల్వదు. ఇగ ఆ మనిషికి మిగిలేదేంది?"

ఈ తగాదా బెల్లంపల్లిలోని ఆ కంపెనీ క్వార్టర్‌లో తెల్లవారినప్పటి నుంచీ నడుస్తోంది. నాగవ్వ ఆపదు, రేవతి ఊరుకోదు. మధ్యలో రాయమల్లు ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు బుద్ధిగా చూస్తున్నాడు.

పదకొండింటికి అతను గోదావరి అవతల దూరంగా ఉన్న కంపెనీ పెద్ద దవాఖానలో మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. ఈ మనిషి ఇక బొగ్గుబాయి పనికి పనికిరాడని డాక్టర్లు రాస్తే ఆ నౌకరి ఇంట్లో ఒకరికి వస్తుంది. ఆ ఒకరు కొడుకు సిద్ధు అని ఎప్పుడో అనుకున్నదే. పనికొస్తాడని రాస్తే ఎవరికీ రాదు. రిటైరయ్యేందుకు రెండేళ్ళకన్నా తక్కువ మిగిలిన వాళ్ళను అసలు బోర్డుకే పిలవరు. రాయమల్లుకు ఇంకో ఇరవై రోజుల్లో ఆ గడువు దాటుతుంది. ఇవాళ తప్పితే మరి లేదు.

రేవతి చెప్పేది ఒక్కటే. బాపుకు రోగం నిజంగానే ఉంది. కరీంనగర్ డాక్టరు తలకు ఫోటో తీయించి, మెదడు చిక్కిపోతోందని స్పష్టంగా రాసిచ్చాడు. ఉన్న రోగాన్ని ఉన్నట్టు చూపిస్తే చాలదా, దానికి మళ్ళీ వేషం దేనికి అని.

నాగవ్వ దగ్గర దానికి జవాబు ఉంది. ఆరు నెలల కిందట అట్లాగే ఉన్నదున్నట్టు తీసుకుపోయారు. ముప్పయి నాలుగేళ్ళు సర్దార్‌గా చేసిన మనిషి. ఇరవై మందిని బాయిలోకి దింపి, కప్పు చూసి, గాలి చూసి, మళ్ళీ అందరినీ పైకి తెచ్చే పని అది. ఆఫీసరు కనబడితే చాలు, వెన్ను దానంతటదే నిటారుగా లేస్తుంది. ఆ రోజు కూడా డాక్టర్ల ముందు నిలబడి తేదీ చెప్పాడు, వారం చెప్పాడు, బాయి లోతు చెప్పాడు, వందలో నుంచి ఏడేడు తీసేస్తూ లెక్క కూడా చెప్పాడు. డాక్టర్లు మెచ్చుకుని, బలం గోలీలు రాసి, పనికొస్తాడని సంతకాలు పెట్టారు. మెట్లు దిగుతూ రాయమల్లు, ఇది ఎవరి పెండ్లి అని భార్యను అడిగాడు.

"ఇంట్ల సోయి ఉండదు, బయట సోయి తప్పదు. గసొంటి రోగం నాకిచ్చిండు దేవుడు. ఇగ నేనేం జెయ్యాలె?" అంది నాగవ్వ. ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడుపు అయిపోయి చాలా రోజులైంది.

స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ సిద్ధు వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. ఓపెన్ కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద డంపర్ నడుపుతాడు. పిలిచిన రోజు పని, పిలవని రోజు ఇల్లు.

"అక్కా, నువ్వు గమ్మునుండు. నీకేంది, ఇయ్యాల గాకుంటే రేపు పోతవ్. ఉండేది మేము," అన్నాడు.

రేవతి డబ్బా కింద పెట్టింది. "నాలుగు నెలల సంది బాపు లాగులు పిండిన చేతులివి. నీ చేతులేం పిండినయ్ సిద్ధూ? మేము మేము అంటున్నవ్."

సిద్ధు అద్దం వైపు తిరిగాడు. జుట్టు ఒకసారి దువ్వుకున్నాడు, మళ్ళీ దువ్వుకున్నాడు.

వాడి భార్య వందన పోయిన వారమే పుట్టింటికి మంచిర్యాల వెళ్ళిపోయింది. ఎవరో పరాయి ఆడమనిషి వంటింట్లో దూరిందనుకుని రాయమల్లు ఆమెను రెక్క పట్టి బయటికి నెట్టి గొళ్ళెం వేసుకున్నాడు. నైటీ మీద, తడి జుట్టుతో, క్వార్టర్ల లైను మొత్తం చూస్తుండగా ఆమె అరగంట ముంగిట్లో నిలబడింది. పక్కా నౌకరి వచ్చి వేరే గది తీసుకునేదాకా రానని కబురు పెట్టింది. ఆ పిల్లను తప్పు పట్టడానికి కూడా లేదు.

రేవతి సంగతి వేరు. సుల్తానాబాద్ నుంచి పది రోజులకని వచ్చింది. భర్త నరేశ్ అక్కడ రైస్‌మిల్లులో పని చేస్తాడు. ఆరేళ్ళ కూతురు అత్త బుచ్చవ్వ దగ్గర ఉంది. పది రోజులు నెలైంది, నెల నాలుగైంది. మొన్న శనివారం నరేశ్ ఫోన్ చేసి, బుధవారం పొద్దుగూకే వరకు చూస్తానన్నాడు. అప్పటికి ఇంటికి రాకపోతే ఇక అక్కడే ఉండమన్నాడు. గొంతు పెంచలేదు. అతను గొంతు పెంచడు, అన్నమాట తప్పడు కూడా. ఇవాళ బుధవారం.

కనుక రేవతిని మరీ మంచిదనుకోనక్కర లేదు. సిద్ధుకు నౌకరి రావాలని సిద్ధుకన్నా ఎక్కువ కోరుకుంటున్నది ఆమే. నౌకరి వస్తే వందన వస్తుంది, వందన వస్తే ఇంట్లో ఇంకో జత చేతులుంటాయి, తను ఈ పూటే బస్సెక్కొచ్చు. అందుకే తల్లితో నోటితో కొట్లాడింది తప్ప, అడ్డం పడి ఆపలేదు. నెల రోజులూ పక్కగదిలో ఆ పాఠం వింటూనే ఉంది.

ఆరున్నరకు హనుమండ్లు కారు తెచ్చాడు. రాయమల్లు కింద పాతికేళ్ళు బాయిలో పనిచేసిన మనిషి. మతి తప్పడం మొదలైనప్పటి నుంచీ రాయమల్లును లోపలికి దిగనీయకుండా, పైన నీడలో కూర్చోబెట్టి, షిఫ్టు అయ్యాక ఇంట్లో దింపి పోయింది ఇతనే. సంగతంతా వాకిట్లోనే అర్థమైంది అతనికి. నాగవ్వను పక్కకు పిలిచాడు.

"వదినె, నువ్వు జేసింది తప్పని నేననను. కని సర్దార్‌కు ఆఫీసర్ల ముందట అబద్ధం రాదు. ఎన్కట ఎంక్వైరీల నిలవడి, తప్పు నాదే సార్ అన్న మనిషి. నౌకరి పోయెటిదుండె గప్పుడు."

"గప్పుడు సోయి ఉండె," అంది నాగవ్వ.

కారులో వెనక రాయమల్లును నడుమ కూర్చోబెట్టి తల్లీకూతుళ్ళు చెరో పక్క కూర్చున్నారు. సిద్ధు ముందు సీట్లో ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడికి పోతున్నం అని రాయమల్లు అడిగాడు. దవాఖానకు అని చెప్పారు. మందమర్రి దాటే లోపల ఆరుసార్లు అడిగాడు, ఆరుసార్లు చెప్పారు. ప్రతిసారీ నాగవ్వ దానికి పాఠం కూడా కలిపింది. ఏమడిగినా తెల్వదను, నేనిట్ల చెప్పమన్ననని మాత్రం ఎవ్వలకు చెప్పకు అని. అతను ప్రతిసారీ తల ఊపాడు.

గోదావరి బ్రిడ్జి మీదికి వచ్చాక అతను చేతులెత్తి నదికి దండం పెట్టాడు. దండం అయ్యాక కాసేపు నీళ్ళ వైపే చూసి, భార్య వైపు తిరిగి, పాత గొంతుతో అడిగాడు.

"నాగా, నాకేమన్నయిందా?"

హనుమండ్లు అద్దంలో చూసి చూపు తిప్పుకున్నాడు. అట్లా అడిగే మనిషి ఆ శరీరంలోకి నెలకోసారి వచ్చిపోతాడు. వచ్చినప్పుడు ఏం చెప్పాలో ఆ ఇంట్లో ఎవరికీ ఇంతవరకు తెలియదు.

"ఏం గాలే," అంది నాగవ్వ కిటికీలోకి చూస్తూ. "నీకేమైతది."

పొద్దున్నుంచి రోగిలా ఉండమని నేర్పిన నోరే అది. రేవతికి తల్లి మీద కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. బ్రిడ్జి దిగేలోపు రాయమల్లు మళ్ళీ ఏడికి పోతున్నం అని అడిగాడు.

దవాఖాన వరండా నిండా మనుషులు. కాలు విరిగిన వాళ్ళు, ఊపిరి అందని వాళ్ళు, కంటికి పట్టీ వేసుకున్న వాళ్ళు. ప్రతి తండ్రి పక్కనా ఒక కొడుకు, ప్రతి కొడుకు చేతిలో ఒక ఫైలు. తండ్రుల మీద అంత ప్రేమ ఒక్కచోట చూడాలంటే బోర్డు రోజునే చూడాలి. బోర్డు గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా దగ్గేవాళ్ళ దగ్గు కొంచెం పెరిగింది.

రోగితో ఒక్కరే లోపలికి రావాలని, నౌకరి కోరే మనిషి మాత్రం రాకూడదని అటెండరు చెప్పాడు. సిద్ధు అక్కడితో ఆగిపోయాడు. నాగవ్వ కూతురి చెయ్యి పట్టుకుంది. తను పోతే మొహంలో తెలిసిపోతుందని భయం ఆమెకు. రేవతి తండ్రిని తీసుకుని లోపలికి వెళ్ళింది.

ముగ్గురు డాక్టర్లు. నడుమ కూర్చున్నామె జుట్టు సగం నెరిసిన పెద్దామె. ఆమెకు ఒక పక్క పడుచు డాక్టరు, ఇంకో పక్క కాగితాలు తిప్పుకుంటున్న ఇంకొకాయన. గుమ్మం దాటగానే రాయమల్లు వెన్ను నిటారుగా లేచింది.

"మీ పేరేంటండీ?" అంది పెద్దామె.

"తెల్వదు సార్."

"ఏ ఊరు మీది?"

"తెల్వదు సార్."

"ఇప్పుడు పొద్దునా, సాయంత్రమా?"

"తెల్వదు సార్."

ఎదురుగా ఆడమనిషి ఉన్నా సార్ సార్ అనే అంటున్నాడు. నేర్పింది సార్ అనే కదా. తండ్రి నిజంగా మరిచిపోయినప్పుడు ఎట్లా ఉంటాడో రేవతికి తెలుసు. నుదురు ముడి వేస్తాడు, గోడల వైపు చూస్తాడు, వేళ్ళతో మోకాలు రుద్దుకుంటాడు, ఒక్కోసారి తప్పు పేరు చెప్పి వెంటనే సిగ్గుపడతాడు. తెలియదన్న మాట మాత్రం ఎన్నడూ అనడు. ఇక్కడ ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వస్తోంది.

పెద్దామె పెన్ను కింద పెట్టింది. "మంచినీళ్ళు తాగుతారా?"

"తెల్వదు సార్."

పడుచు డాక్టరు నవ్వాడు. పెద్దామె నవ్వలేదు. కుర్చీ వెనక్కి జరుపుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి రాయమల్లు పక్కన స్టూలు మీద కూర్చుంది. ఫైలులో హోదా చూసినట్టుంది.

"సర్దార్ గారూ, ఇట్లా చెప్పమని మీకెవరు చెప్పారు?"

చాలా రోజులకు ఒక ఆఫీసరు సర్దార్ అని పిలిచింది. రాయమల్లు లేచి నిలబడ్డాడు.

"మా ఇంటామె చెప్పింది మేడం. ఏమడిగినా తెల్వదనుమన్నది. పిలగానికి నౌకరొస్తదట."

"మీకు మరి జబ్బేం లేదా?"

"నాకేం రోగం మేడం? మంచిగున్న. మొదటి షిఫ్టుకు పోవాలె, జర జల్ది ఇడిస్తే మంచిగుంటది."

పడుచు డాక్టరు ఫైలు మూశాడు. ఆరు నెలల కిందట కూడా బాగానే ఉన్నాడని రాశారని, ఇది నాటకమని, ఇట్లాంటివి చూసీచూడనట్టు వదిలితే రోజుకొకటి వస్తాయని, ఉన్న ఉద్యోగం మీద కూడా చర్య తీసుకోవచ్చని ఇంగ్లీషులో గబగబా అన్నాడు. రేవతికి సగం అర్థమైంది. ఆ సగం చాలు.

"ఏమ్మా, ఆయన చెప్పింది నిజమేనా?" పెద్దామె ఆమె వైపు తిరిగింది.

కాదంటే తండ్రిని అబద్ధాలకోరును చెయ్యాలి. అవునంటే సిద్ధు నౌకరి ఇక్కడితో సరి, తన బస్సు కూడా అంతే. సాయంత్రం, సుల్తానాబాద్, బిడ్డ మొహం, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకు వచ్చాయి. పక్కన తండ్రి మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పిన మనిషిలా నిలబడి ఉన్నాడు.

"నిజమే మేడం. నేర్పిచ్చినం," అంది రేవతి. మా అవ్వ అని అనలేదు. "రోగం గూడ నిజమే."

ఆయన భార్యను పిలవమన్నారు.

నాగవ్వ ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచి, కొంగు నెత్తి మీదికి లాక్కుని లోపలికి వచ్చింది. భార్యను చూడగానే రాయమల్లు మొహం వెలిగింది. "అన్నీ సక్కగ చెప్పిన నాగా," అన్నాడు.

నాగవ్వకు ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది. కూతురి వైపు చూసింది, మూసిన ఫైలు వైపు చూసింది. మీరే నేర్పారా అని పెద్దామె అడిగింది. పడుచు డాక్టరు గడియారం చూసుకున్నాడు.

"నేర్పిన," అంది నాగవ్వ. "నెల దినాలు నేర్పిన మేడం. పొద్దుగాల నేర్పితే పగటీలికి మరుస్తుండు, మల్ల నేర్పిన. ఎవలు నేర్పిండ్రని అడిగితే నా పేరు చెప్పకుమని గూడ నేర్పిన. దోవ పొడుగుత గదే చెప్పుకుంట వచ్చిన. గంత మాట యాదికుంటే, మీ దగ్గరికెందుకొస్తం మేడం?"

కాగితాలు తిప్పుతున్నాయన తిప్పడం మానేశాడు. నాగవ్వ చేతులు జోడించలేదు, కాళ్ళు పట్టుకోలేదు. చెప్పాల్సింది అయిపోయినట్టు కొంగు సర్దుకుంది.

పెద్దామె ఫైలు మళ్ళీ తెరిచింది. కరీంనగర్ డాక్టరు రాసిన కాగితం రెండుసార్లు చదివింది. తరువాత ముగ్గురూ గుసగుసగా మాట్లాడుకున్నారు. ఈ రోజు ఏదీ తేల్చి రాయబోమని, రాయమల్లును ఇక్కడే వార్డులో పది రోజులు ఉంచి రాత్రింబగళ్ళు గమనిస్తామని, గడువు దాటకముందే తేలుస్తామని పెద్దామె చెప్పింది. అతనితో ఇంటి మనిషి ఒకరు ఉండాలి. నేర్పిన భార్య ఉండటానికి వీల్లేదు. నౌకరి కోరే కొడుకు ఉండటానికి వీల్లేదు.

"ఈ అమ్మాయి ఉంటుంది," అంది రేవతిని చూపించి.

ఉంటావా అని ఆమె అడగలేదు. ఆ ఇంట్లో కూడా ఎవరూ ఎన్నడూ అడగలేదు కనుక రేవతికి అది కొత్తగా అనిపించలేదు.

వరండా చివరకు పోయి నరేశ్‌కు ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది, పది రోజులే అంది, ఆ తరువాత ఏమైనా సరే వస్తానంది. అతను చివరిదాకా విన్నాడు. అయితే ఇయ్యాల రావు అన్నాడు. అది ప్రశ్న కాదు. ఆ పక్క నుంచి బిడ్డ గొంతు వినబడింది. డాడీ, ఎవరు అని అడుగుతోంది.

"ఎవ్వలు గాదు," అన్నాడు నరేశ్, ఫోన్ పెట్టేశాడు.

రేవతి ఏడుద్దామనుకుంది. పక్కన ఊపిరి అందని ఒక ముసలాయనకు కొడుకు వీపు రాస్తున్నాడు, అక్కడ ఏడవడానికి చోటు లేదు.

రేవతి తండ్రిని పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి కౌంటరు దగ్గరికి వెళితే, గుమాస్తా ఒక కాగితం ముందుకు తోశాడు. పది రోజులూ రోగిని విడిచి పోనని, ఏం జరిగినా బాధ్యత తనదేనని రాసి ఉంది. కింద సంతకానికి గీత. పక్కనే రాయమల్లు ఫైలు తెరిచి ఉంది. నౌకరి కోరువారి పేరు అన్నచోట సిద్ధార్థ అని గుండ్రటి అక్షరాలతో ఉంది. రేవతి పెన్ను తీసుకుంది. పేరులో మొదటి అక్షరం రాసింది.

వెనక నాగవ్వ కొడుకుతో మాట్లాడుతోంది. పొద్దున్నుంచి లేని నిమ్మళం ఆమె గొంతులో ఉంది.

"వందనకు ఫోన్ జెయ్యి బిడ్డా. పది దినాలు మీ బాపు ఇంట్ల ఉండడు, ఇగ భయమేం లేదు, వచ్చి నిమ్మళంగ ఉండుమను. ఇల్లు కడిగిపిస్త. పాపం, ఆ పిల్ల ఎంత పరేషాన్ అయిందో."

ఆ మాటలో చెడు ఏమీ లేదు. అత్త కోడలి గురించి అట్లా అనుకోవడం మంచిదే. రేవతికి అందుకే ఎక్కువ తగిలింది. నాలుగు నెలల్లో తన ఇంటి గురించి, తన బిడ్డ గురించి తల్లి నోట అట్లాంటి ఒక్క మాట వచ్చి ఉంటే, దాన్ని పట్టుకుని ఇంకో నాలుగు నెలలు చేసేది. రాలేదు. వస్తుందని ఎదురు చూసింది కూడా తనే, ఆ బుద్ధిలేనితనం కూడా తనదే.

పెన్ను ఆగింది. గుమాస్తా తల ఎత్తాడు.

"సార్," అంది రేవతి, ఫైలు మీద వేలు పెట్టి. "గీ పేరు మార్చచ్చా?"

"ఏ పేరు?"

"నౌకరి కోరెటోళ్ళ పేరు. ఆడబిడ్డలకు గూడ ఇస్తరు గదా."

గుమాస్తాకు ఇట్లాంటివి మామూలే. కళ్ళజోడు సర్దుకుని, ఇంట్లో ఎవరికైనా ఇస్తారని, కొడుకైనా పెండ్లయిన కూతురైనా ఒక్కటేనని, బోర్డు తీర్పు రాసేదాకా పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చని చెప్పాడు.

"మీ బాపు సంతకం గావాలె. గంతే," అన్నాడు.

"ఏమడుగుతున్నవే నువ్వు?" అంది నాగవ్వ. సిద్ధు చెవి దగ్గర ఫోన్ కలిసింది. అవతల వందన హలో హలో అంటోంది.

రేవతి వెనక్కి తిరగలేదు. ఆగిన సంతకం పూర్తి చేసి, కాగితం గుమాస్తా వైపు తోసి, తండ్రి చెయ్యి పట్టుకుని వార్డు వైపు నడిచింది.